ముక్కులో కాపలా
(తృతీయ బి.ఎస్సీ., మైక్రోబయాలజీ)

సావనీరుకి సైన్సు వ్యాసం ఒకటి కావాలని మన యూనియన్ సాహిత్య కార్యదర్శి మా క్లాసుకొచ్చి అడిగినప్పుడు మావాళ్ళంతా నా వైపు చూశారు. కవితలు రాసేవాళ్ళకి మన కాలేజీలో కొదవ లేదు గాని సైన్సు రాయమంటే ఒక్కరూ ముందుకి రారు. "దేని గురించి రాస్తావు?" అని అడిగితే, ఆలోచించకుండానే "దగ్గు గురించి" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వదగ్గ విషయమే అనుకోండి. కాని మా యింట్లో ఒక దగ్గు పసిపిల్ల ప్రాణం మీదికి తెచ్చింది. అప్పటినుంచీ నన్నొక ప్రశ్న వదలకుండా పట్టుకుని వుంది. దానికి జవాబు కొంత క్లాసులోను, కొంత లైబ్రరీలోను దొరికింది. దొరికినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లాలో మిరప పండించే కుటుంబం. 2018 ఫిబ్రవరి నెల, నేను ఏడో తరగతి. కాయ కోతలు ముగిసి కల్లం నిండా ఎర్రగా ఆరబోసి వుంది. కూలీలు తాలుకాయ ఏరుతున్నారు. మా అక్క మొదటి పురిటికి పుట్టింటికొచ్చి, ఆడపిల్లని కని, బాలింతగా మా యింట్లోనే వుంది. అప్పటికి నాకు మూడు వారాలుగా దగ్గు. పగలు బాగానే వుండేవాణ్ణి. రాత్రి ఒకసారి మొదలైందా, ఊపిరి తీసుకోనివ్వకుండా వరసగా ఇరవైసార్లు దగ్గి, చివరికి తిన్న అన్నం కక్కితేగాని ఆగేది కాదు. ఎవరూ పట్టించుకోలేదు. "మిరప కల్లంలో దగ్గనివాడెవడు? ఘాటెక్కింది, అంతే" అన్నాడు నాన్న. నేను బడినుంచి రాగానే మేనకోడల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

పిల్లకి అయిదో వారం నడుస్తుండగా తుమ్ములు పట్టుకున్నాయి. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు జలుబు అని చుక్కలిచ్చారు. మూడో రోజు రాత్రి పాలు తాగుతూ తాగుతూ ఆగిపోయింది. దగ్గు శబ్దం కూడా లేదు. ముఖం ఎర్రబడి, తర్వాత పెదవులు నీలంగా అయ్యాయి. ఎంతసేపు ఊపిరి ఆగిందో నేను లెక్కపెట్టలేదు గాని, అక్క వేసిన కేక మాత్రం ఇప్పటికీ చెవుల్లో వుంది. నాయనమ్మ "ఇది కోరింత దగ్గేరా, గాడిద పాలు పట్టాలి" అని, తెల్లారేసరికి ఎక్కడినుంచో తెప్పించి ఉగ్గుగిన్నెతో పట్టబోయింది. మింగే ఓపిక ఆ పసిదానికి లేదు. మందు సంగతి ఎలా వున్నా, రోగం పేరు సరిగ్గా చెప్పింది మా యింట్లో ఆవిడ ఒక్కతే.

పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ పిల్లని చూసి, రక్తంలో తెల్లకణాలు లెక్క కట్టించి, ముందడిగిన ప్రశ్న "ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?" అని. నాన్న పాత పాటే పాడాడు. సరిగ్గా అప్పుడే నాకు దగ్గు తెర వచ్చింది. ఆవిడ నా వైపు తిరిగి "ఈ బాబుకి ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది. అమ్మ గాభరాగా "వాడికి టీకాలన్నీ వేయించానండీ, కార్డు కూడా దాచాను" అంది. "వేయించే వుంటారమ్మా. దాని బలం కొన్నేళ్ళకి తగ్గిపోతుంది. వాడైతే తట్టుకుంటాడు గాని పసిదానికి అంటిస్తాడు" అని, ఇంటిల్లిపాదికీ అజిత్రోమైసిన్ రాసిచ్చింది. పిల్ల పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద వుండి బతికింది. మొదటి టీకా ఆరో వారంలో. అది వేసే లోపలే ఇదంతా జరిగిపోయింది.

నానుంచే అంటిందా అన్నది ఎవరూ పరీక్ష చేసి తేల్చలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు కూడా. నాకు మిగిలిపోయిన ప్రశ్న వేరు. చేతికీ తొడకీ పొడిచిన టీకాలన్నీ నా ఒంట్లో వుండగా, నా ముక్కులో ఆ పురుగు హాయిగా ఎలా కాపురం పెట్టింది?

ముందుగా ఆ పురుగు ఎవరో తెలుసుకోవాలి. దాని పేరు బోర్డెటెల్లా పెర్టుసిస్. 1906లో బ్రస్సెల్స్ నగరంలో జూల్ బోర్డే, ఆక్టేవ్ జాంగూ అనే ఇద్దరు దీన్ని విడిగా పెంచగలిగారు. బంగాళాదుంప సారంలో గ్లిజరిన్, రక్తం కలిపి వీళ్ళు తయారుచేసిన పెంపక మాధ్యమం వీళ్ళ పేరుతోనే మన ప్రాక్టికల్ పుస్తకాలకెక్కింది. చైనావాళ్ళు, జపానువాళ్ళు ఈ రోగాన్ని "వంద రోజుల దగ్గు" అంటారు. అనుభవించినవాణ్ణి గనక చెబుతున్నాను, ఆ లెక్కలో అతిశయోక్తి లేదు.

మన శ్వాసనాళాల లోపలి గోడ మీద శైలికలని సన్నని వెంట్రుకల్లాంటివి వుంటాయి. గాలికి వరిచేను వూగినట్టు ఇవి ఒకే దిక్కుకి వూగుతూ, దుమ్మునీ శ్లేష్మాన్నీ పైకి తోసేస్తూ వుంటాయి. కోరింత దగ్గు బాక్టీరియా వచ్చి ఈ శైలికలకే అతుక్కుంటుంది. పట్టుకోవడానికి దానికి ఫిలమెంటస్ హిమాగ్లుటినిన్, పెర్టాక్టిన్, ఫింబ్రియా అనే జిగురు ప్రొటీన్లున్నాయి. అతుక్కున్నాక విషాలు వదులుతుంది. ఒక విషం శైలికలున్న కణాల్ని చంపేస్తుంది. అందుకే పురుగు పోయినా దగ్గు పోదు. ఊడ్చేవాళ్ళు లేని ఇంట్లో చెత్త పేరుకున్నట్టు శ్లేష్మం పేరుకుంటుంది, దాన్ని బయటికి నెట్టడానికి దగ్గు ఒక్కటే దిక్కవుతుంది. పెర్టుసిస్ టాక్సిన్ అనే మరో విషం రక్తంలో కలిసి తెల్లకణాలు రక్తం వదిలి బయటికి రాకుండా అడ్డుపడుతుంది. డాక్టరమ్మ తెల్లకణాలు లెక్క కట్టించింది ఇందుకేనని నాకు ఆరేళ్ళ తర్వాత అర్థమైంది.

ఇక్కడ గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. విషం రక్తంలోకి పోతుంది గాని, బాక్టీరియా పోదు. అది తన బతుకంతా శ్లేష్మపొర మీదే వెళ్ళదీస్తుంది. ఒక విధంగా చూస్తే అది మన ఒంటి లోపల లేదు, గుమ్మం మీద వుంది.

మరి మనం కాపలా ఎక్కడ పెట్టాం? ఆ సంగతి చెప్పాలంటే కొంచెం చరిత్రలోకి పోవాలి. 1932లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్ళో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అనే ఇద్దరు స్త్రీలు ఆరోగ్యశాఖ ప్రయోగశాలలో పనిచేస్తుండేవారు. దేశమంతా ఆర్థిక మాంద్యం. పగలు ఉద్యోగం చేసుకుని, సాయంత్రాలు పేదవాళ్ళ ఇళ్ళకి నడిచిపోయి, దగ్గే పిల్లల నోటి ముందు పెంపక మాధ్యమం పోసిన పళ్ళెం పట్టి, తుంపరలు పడనిచ్చి, వాటిలో బాక్టీరియా మొలుస్తుందో లేదో చూసేవారు. అలా పోగుచేసిన బాక్టీరియాని చంపి టీకా తయారుచేశారు. 1934లో ఊళ్ళో పిల్లల మీద పరీక్ష మొదలుపెట్టారు. టీకా పనిచేసింది. తర్వాత డిఫ్తీరియా, ధనుర్వాతం టీకాలతో కలిపి డి.పి.టి. వచ్చింది. మన దేశంలో ప్రభుత్వం వేసే పెంటావాలెంట్‌లో వున్నది ఈ తరహా చంపిన పూర్తి బాక్టీరియానే. ఆరు, పది, పద్నాలుగు వారాలకి అది, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఒక డి.పి.టి., అయిదారేళ్ళకి మరొకటి. మా అమ్మ దాచిన కార్డులో టీకాల గళ్ళన్నీ నిండి వున్నాయి.

ఈ పూర్తి బాక్టీరియా టీకాలో పురుగు తాలూకు వేల రకాల ప్రొటీన్లుంటాయి. అందుకని వేసిన రోజు పిల్లలకి జ్వరం, తొడ వాపు మామూలు. 1974లో లండన్‌లో కొందరు డాక్టర్లు ఈ టీకా తర్వాత పిల్లలకి మెదడు దెబ్బతింటున్నదేమోనని రాశారు. పత్రికలూ టెలివిజనూ అందుకున్నాయి. బ్రిటన్‌లో నూటికి ఎనభై దాకా వున్న టీకాలు ముప్ఫైకి పడిపోయాయి. ఫలితంగా 1977-79 మధ్య లక్షకు పైగా పిల్లలు కోరింత దగ్గు పాలయ్యారు. జపాన్‌లో ఇద్దరు పసిపిల్లలు టీకా తర్వాత చనిపోయారని 1975లో ఆపివేశారు. అక్కడ 1979లో పదమూడు వేల కేసులు, 41 మరణాలు. స్వీడన్ 1979లో మానేసి 1996 దాకా మళ్ళీ మొదలుపెట్టనేలేదు. ఇంత జరిగాక 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు, టీకా వల్ల మెదడు దెబ్బతిన్నదని చెప్పిన 14 మంది జన్యువులు పరీక్షిస్తే, పదకొండు మందిలో పుట్టుకతోనే మూర్ఛలు తెచ్చే జన్యులోపం కనిపించింది. టీకా మీద పడ్డ నింద అంత తేలిగ్గా కొట్టుకుపోదు గాని, ఆ లెక్క నాకైతే చాలా బాధ కలిగించింది.

ఈ భయాల మధ్య జపాన్‌లో యూజీ సాటో మరో దారి పట్టాడు. బాక్టీరియా మొత్తం ఎందుకు, అందులోంచి రెండు మూడు ముఖ్యమైన ప్రొటీన్లు శుద్ధిచేసి తీసి, విషం విరిచేసి ఇస్తే చాలదా అన్నాడు. 1981లో జపాన్ ఈ "కణరహిత" టీకాకి మారింది. జ్వరాలూ వాపులూ బాగా తగ్గాయి. తొంభైల్లో అమెరికా, యూరప్ దేశాలు కూడా మారిపోయాయి. అంతా బాగుందనుకున్నారు.

2010లో కాలిఫోర్నియాలో తొమ్మిది వేలకు పైగా కేసులు వచ్చి పదిమంది పసిపిల్లలు పోయారు. 2012లో అమెరికా మొత్తం మీద 48,277 కేసులు. 1955 తర్వాత అన్ని కేసులు ఎన్నడూ లేవు. టీకా వేయించనివాళ్ళు కొందరున్నా, రోగం వచ్చినవాళ్ళలో టీకాలు పూర్తిగా వేయించుకున్న బడిపిల్లలు కూడా చాలామంది వున్నారు. అయిదో మోతాదు వేసిన తర్వాత ఏడాది గడిచినకొద్దీ రోగం వచ్చే అవకాశం సగటున నూటికి నలభై రెండు చొప్పున పెరుగుతూ పోతున్నదని కాలిఫోర్నియాలోనే లెక్క తేలింది.

ఇది బలం తగ్గడం వరకే అయితే మళ్ళీ మళ్ళీ పొడిస్తే సరిపోయేది. అసలు గుట్టు బబూన్ కోతులు బయటపెట్టాయి. వీటికి కోరింత దగ్గు అచ్చం మనుషులకి వచ్చినట్టే వస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రయోగశాలలో టాడ్ మెర్కెల్ బృందం కోతుల్ని గుంపులుగా విడదీసింది. కొన్నిటికి పాత టీకా, కొన్నిటికి కొత్త టీకా. కొన్నిటికి ఏమీ లేదు. కొన్ని ఇదివరకు ఈ రోగం వచ్చి తగ్గినవి. అన్నిటి గొంతులోనూ బాక్టీరియా వేశారు. 2013 చివర ప్రచురించిన ఫలితాలు చూడండి. టీకా వేసినవి ఏవీ జబ్బుపడలేదు. కాని కొత్త టీకా వేసిన కోతుల ముక్కుల్లో బాక్టీరియా దాదాపు 35 రోజులు బతికింది. ఏ టీకా వేయని కోతుల్లో 30 రోజులే. పాత టీకా వేసినవి 18 రోజుల్లో వదిలించుకున్నాయి. రోగం వచ్చి తగ్గిన వాటి ముక్కులో అది అసలు నిలవనేలేదు. అన్నిటికన్నా ముఖ్యం, కొత్త టీకా వేసి, దగ్గకుండా తిరుగుతున్న కోతిని తీసుకెళ్ళి ఏ టీకా లేని కోతి పక్కన పెడితే, రెండోదానికి రోగం అంటుకుంది.

ఇది చదివిన రోజు నేను లైబ్రరీలో పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. మా యింట్లో నేనూ మేనకోడలూ కళ్ళముందు కనిపించారు. నాకు వేసింది పాత టీకాయే, నిజం. అది కొత్తదాని కన్నా మెరుగే. అయినా పద్ధెనిమిది రోజులంటే తక్కువా? పైగా నాకు చివరి మోతాదు పడి ఏడేళ్ళు దాటింది.

చేతికి వేసిన టీకా ముక్కుని ఎందుకు కాపాడలేదన్న ప్రశ్నకి జవాబు మన ఒంట్లో వున్న రెండు రకాల కాపలాలో వుంది. కండరంలోకి టీకా పొడిస్తే దగ్గరలోని లింఫు గ్రంథులు మేలుకుని ఐజిజి అనే ప్రతిరక్షకాలు తయారుచేస్తాయి. ఇవి రక్తంలో తిరుగుతూ వుంటాయి. విషం రక్తంలోకి రాగానే పట్టేసి విరిచేస్తాయి. అందుకే టీకా వేసుకున్నవాడికి ప్రాణం మీదికి రాదు. కాని ముక్కు లోపలి తడి మీదికి ఐజిజి చేరేది చాలా స్వల్పం. ఇంట్లో గాదె దగ్గర కాపలా పెట్టుకున్నాం, చేలో పడ్డ గొడ్డుని వాడు చూడడు.

చేలో కాపలాకి వేరే మనిషి వున్నాడు. పేరు ఇమ్యూనోగ్లోబ్యులిన్-ఎ, పొట్టిగా ఐజిఎ. మన ఒళ్ళు రోజూ తయారుచేసే ప్రతిరక్షకాల్లో మిగతా అన్ని రకాలూ కలిపినా దీనంత వుండవు. అయినా రక్తపరీక్షల్లో దీని ఘనత కనపడదు, ఎందుకంటే ఎక్కువ భాగం శ్లేష్మంలోకి, లాలాజలంలోకి, తల్లిపాలలోకి పోతుంది. శ్లేష్మపొర కింద వుండే కణాలు దీన్ని తయారుచేస్తాయి. రెండేసి ప్రతిరక్షకాలు తోకలు కలుపుకుని జంటగా తయారవుతాయి. పైపొర కణాలు ఆ జంటని కింద పట్టుకుని, తమలోంచి దాటించి, పైన వదిలేస్తాయి. వదిలేటప్పుడు శ్లేష్మంలో జీర్ణమైపోకుండా ఒక ప్రొటీన్ తొడుగు కూడా తగిలిస్తాయి. జంటకి నాలుగు చేతులు గనక ఒక్కొక్కటి కొన్ని బాక్టీరియాల్ని ముద్దగా కట్టేసి, శైలికలకి అతుక్కోనివ్వకుండా చేస్తుంది. ముద్దలు తుమ్ములోనో, మింగుడులోనో పోతాయి.

దీనికి తోడు టి-కణాలున్నాయి. ఇవి పోలీసుల్లాంటివి, కేసుని బట్టి దళాన్ని పిలుస్తాయి. నిజమైన రోగం వచ్చినప్పుడు, కొంతమేరకు పాత టీకా వేసినప్పుడు, టి.హెచ్-1, టి.హెచ్-17 అనే రకాలు తయారవుతాయి. టి.హెచ్-17 కణాలు శ్లేష్మపొర దగ్గరికి న్యూట్రోఫిల్స్ అనే బాక్టీరియా మింగే కణాల్ని రప్పిస్తాయి. కణరహిత టీకా ఎక్కువగా టి.హెచ్-2 రకాన్ని లేపుతుంది. వాటికి ప్రతిరక్షకాలు తయారు చేయించడం బాగా తెలుసు గాని ముక్కులో బాక్టీరియాని వేటాడించడం అంతగా రాదు. ఇంకో విశేషం. రోగం తగ్గిన ఎలుకల్ని పరీక్షించి, డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో కింగ్‌స్టన్ మిల్స్ బృందం చూసిందేమిటంటే, కొన్ని టి-కణాలు రక్తంలోకి తిరిగి పోకుండా ముక్కులో, ఊపిరితిత్తుల్లో అలాగే వుండిపోతాయి. చేలోనే మంచె వేసుకుని పడుకునే కాపలావాడి లాగన్నమాట. ఇలాంటి వాళ్ళు చేతికి పొడిచే టీకాతో తయారవడం కష్టం. దొంగ ఎక్కడినుంచి వస్తాడో అక్కడే పాఠం చెప్పాలి.

ఇది కొత్త మాటేమీ కాదు. మనకందరికీ పోలియో చుక్కలు తెలుసు. పోలియోకి ఇంజెక్షనూ వుంది, చుక్కలూ వున్నాయి. ఇంజెక్షన్ నరాల్ని కాపాడుతుంది. కాని పేగుల్లో వైరస్ పెరగకుండా అడ్డుకోవడంలో చుక్కలదే పైచెయ్యి. 2005 నుంచి ఇంజెక్షన్ ఒక్కటే వేస్తున్న ఇజ్రాయెల్‌లో 2013లో మురుగునీటిలో పోలియో వైరస్ దొరికింది. ఒక్క బిడ్డకీ కాలు పడిపోలేదు, వైరస్ మాత్రం ఇంటింటా తిరుగుతూనే వుంది. మన దేశం 2014 మార్చిలో పోలియోని వదిలించుకున్నట్టు ధ్రువపత్రం అందుకుందంటే అందులో నోట్లో వేసిన చుక్కల పాత్ర ఎంతో వుంది.

ముక్కులో బతికే పురుగుకి ముక్కులోనే టీకా ఎందుకు వేయకూడదు? ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో, పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో కమీల్ లోష్ట్, నటాలీ మియెల్‌కారెక్ బృందం ఈ పనికి పూనుకుంది. బతికున్న కోరింత దగ్గు బాక్టీరియానే తీసుకున్నారు. మూడు విషాల సంగతి చూశారు. పెర్టుసిస్ టాక్సిన్‌లో రెండంటే రెండు అమైనో ఆమ్లాలు మార్చి దాన్ని విషం లేని బొమ్మగా చేశారు. డెర్మోనెక్రోటిక్ టాక్సిన్ తాలూకు జన్యువునే తీసేశారు. శైలికల్ని చంపే విషం విషయంలో మాత్రం గమ్మత్తు చేశారు. ఆ విషం నిజానికి బాక్టీరియా గోడ తాలూకు ముక్క. మామూలు బాక్టీరియాలు ఇలాంటి ముక్కల్ని పారేయకుండా లోపలికి తీసుకుని మళ్ళీ వాడుకుంటాయి. కోరింత దగ్గు బాక్టీరియాకి ఆ పని సరిగ్గా చేతకాక బయటికి వదులుతుంది. వీళ్ళు మన పేగుల్లో వుండే ఇ. కోలై బాక్టీరియానుంచి ఆ పని చేసే జన్యువు తెచ్చి ఇందులో పెట్టారు. విషం నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా తగ్గిపోయింది. కోరలు పీకిన పాము అంటామే, అలాంటిది. పాకుతుంది, బుసకొడుతుంది, కరవలేదు. ఈ బాక్టీరియాకి బిపిజెడ్ఇ-1 అని పేరు పెట్టి 2006లో ప్రకటించారు.

మనుషుల మీద మొదటి పరీక్ష స్వీడన్‌లో జరిగింది. పదిహేడేళ్ళు టీకాలు మానేసిన దేశం గనక ఈ పరీక్షకి అనువైన పెద్దవాళ్ళు అక్కడ దొరికారు. 2014లో ఫలితాలు వచ్చాయి. ముప్ఫై ఆరుగురికి మూడు మోతాదుల్లో ముక్కులో చుక్కలుగా వేశారు, మరో పన్నెండుగురికి ఉత్త చుక్కలు. తక్కువ మోతాదుల్లో పన్నెండుగురికి ఒక్కొక్కరి ముక్కులోనే బాక్టీరియా నిలిచింది. పెద్ద మోతాదులో అయిదుగురిలో నిలిచింది. నిలిచిన ఏడుగురిలోనూ రోగనిరోధక స్పందన వచ్చింది. నిలవనివాళ్ళ సంగతి చూస్తే, వాళ్ళ రక్తంలో పెర్టాక్టిన్ మీద ప్రతిరక్షకాలు ముందునుంచే ఎక్కువగా వున్నాయి. మా నాన్నకి ఇది చెబితే "కలుపు నిండిన చేలో విత్తు మొలవదు" అన్నాడు. నేనైతే తిరగేసి, కాపలా వున్న చేలో విత్తు కూడా దొంగలాగే కనిపిస్తుందని చెబుతాను. ఏమైనా మోతాదు పెంచాలని తేలింది. తర్వాతి పరీక్షల్లో పెంచారు.

నాకు బాగా నచ్చింది 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అమెరికా పరీక్ష. 280 మంది పెద్దవాళ్ళు. కొందరికి పొడిగా ఆరబెట్టి నిలవచేసిన బిపిజెడ్ఇ-1ని నీళ్ళలో కలిపి, ఒక చిన్న పరికరంతో రెండు ముక్కుల్లోకీ మంచులా చిమ్మారు. మిగతావాళ్ళకి చేతికి మామూలు టీడాప్ ఇంజెక్షన్. ఇంజెక్షన్ వేసుకున్నవాళ్ళ రక్తంలో ఐజిజి బాగానే పెరిగింది, ముక్కులో ఐజిఎ మాత్రం పెరగలేదు. స్ప్రే వేసుకున్నవాళ్ళ ముక్కులో పెరిగింది. అది కూడా రెండు మూడు ప్రొటీన్ల మీద కాదు, మొత్తం బాక్టీరియా మీద. మూడు నెలల తర్వాత ఈ కాపలాని పరీక్షించడానికి, రెండు వర్గాల్లోనూ కొందరి ముక్కుల్లోకి అదే కోరలు పీకిన బాక్టీరియాని దొంగ వేషంలో మళ్ళీ పంపారు. ఇంజెక్షన్ వాళ్ళలో నూటికి డెబ్భై మంది ముక్కుల్లో అది నిలిచింది. స్ప్రే వాళ్ళలో నూటికి పది మందిలోనే.

కోరలున్న అసలు పాముతో పరీక్ష ఏదీ అంటారా? దానికి దారి ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో వేశారు. ఆరోగ్యవంతులైన 34 మంది, తెలిసీ, ఒప్పుకునీ, నిజమైన కోరింత దగ్గు బాక్టీరియాని ముక్కులో వేయించుకుని విడి వార్డులో వున్నారు. పంతొమ్మిది మందిలో అది నిలిచింది, ఎవరికీ రోగం రాలేదు. తర్వాత అజిత్రోమైసిన్ ఇచ్చి వదిలించారు. 2020లో ఇది ప్రచురించాక, ముక్కు టీకా వేయించుకున్నవాళ్ళ మీద కూడా అక్కడ ఇలాంటి పరీక్షే చేపట్టారు. ఆ ముప్ఫై నలుగురి పేర్లు ఎవరికీ తెలియవు. పరీక్షల్లో మార్కులు తగ్గితే బెంబేలెత్తిపోయే మేము, వాళ్ళ గురించి ఒకసారి తలుచుకోవడం మంచిది.

ముక్కు టీకా అనగానే ఎగిరి గంతేయాల్సిన పనీ లేదు. 2000-01 శీతాకాలంలో స్విట్జర్లాండ్‌లో ముక్కులో చిమ్మే ఫ్లూ టీకా ఒకటి అమ్మారు. అందులో స్పందన పెంచడానికి ఇ. కోలై విషం కొద్దిగా కలిపారు. వేసుకున్న కొందరికి ముఖం ఒకవైపు పడిపోయింది. ఆ టీకాని వెనక్కి తీసుకున్నారు. ముక్కుకీ మెదడుకీ మధ్య ఎడం చాలా తక్కువ, నరాలు నేరుగా వున్నాయి. అందుకే బిపిజెడ్ఇ-1లో అలాంటివేవీ కలపకపోయినా ఆచితూచి అడుగేస్తున్నారు. మన హైదరాబాదులోనే భారత్ బయోటెక్ వాళ్ళు తయారుచేసిన ముక్కు చుక్కల కరోనా టీకా ఇన్‌కోవాక్‌కి 2022 సెప్టెంబరులో అనుమతి వచ్చింది, 2023 జనవరి 26న విడుదలైంది. కాబట్టి ముక్కులో టీకా అనేది మనకి వింత కాదు. కరోనా వైరస్ వేరు, కోరింత దగ్గు బాక్టీరియా వేరు. ఒకదాని లెక్క రెండోదానికి వర్తించదు గాని, తయారుచేసే చేతులు మాత్రం మన దగ్గరున్నాయి.

ఇంతా చదివాక నాకు తట్టిన సంగతి ఒకటి. బతికున్న బాక్టీరియాని నెల పిల్ల ముక్కులో వేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఈ టీకాని ముందు పెద్దవాళ్ళ మీద, బడిపిల్లల మీద పరీక్షిస్తున్నది అందుకే. అంటే ఇది ముందుగా పడవలసింది మేనకోడలికి కాదు, మేనమామకి. మేనమామ ముక్కులో కాపలా వుంటే మేనకోడలి ఉయ్యాల దాకా పురుగు రాదు. పసిపిల్లల టీకా అంటే పసిపిల్లలకే పొడవాలని మనం ఇన్నాళ్ళూ అనుకున్నాం.

అది వచ్చే లోపల ఒక దారి వుంది. 2012నుంచి బ్రిటన్‌లో గర్భిణులకే కోరింత దగ్గు టీకా వేస్తున్నారు. తల్లి రక్తంలో తయారైన ఐజిజి మాయ దాటి బిడ్డకి చేరుతుంది. మొదటి టీకా పడేదాకా ఆ అరువు సొమ్ముతో బిడ్డ నెట్టుకొస్తుంది. ఇది ముక్కుని కాపాడదు, ప్రాణాన్ని కాపాడుతుంది. మన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి వేసే టీడీలో ధనుర్వాతం, డిఫ్తీరియా వున్నాయి, కోరింత దగ్గు లేదు. ఆ మూడోది కలిసిన టీడాప్ కావాలంటే బయట కొనుక్కోవాలి.

కిందటేడు అక్క రెండోసారి కడుపుతో వుంది. నేను హాస్టల్నుంచి ఫోన్ చేసి ఈ టీకా సంగతి చెప్పాను. బావ సరేనన్నాడు. ఏడో నెల నిండాక వేయించడానికి నాన్నే పట్నం తీసుకెళ్ళాడు. మందుల కొట్లో ధర విని, సంచిలోంచి డబ్బు తీసి, బేరమాడకుండా ఇచ్చాడట. మిరప యార్డులో టిక్కీకి పది రూపాయల దగ్గర గంటసేపు తగువు పెట్టుకునే మనిషి. ఈసారి పురుడు కూడా సరిగ్గా కాయ కోతల్లోనే వచ్చింది. నేను సంక్రాంతి సెలవులకి వెళ్ళేసరికి జలుబుగా వుంది. వాకిట్లోనే ఆగిపోయాను. అక్క పిల్లాణ్ణి ఎత్తుకుని గడప లోపల నుంచుని చూపించింది. మూడో తరగతి చదువుతున్న పెద్దది మాత్రం "మామయ్యా, లోపలికి రావేం?" అని అడుగుతూ నా చెయ్యి పట్టుకుని గుంజుతూనే వుంది.